వర్డ్ లిస్టుకు ఒక ఇంగ్లీషు మాస్టారి బహిరంగ లేఖ

వర్డ్ లిస్టూ,

నీ మొదటి పేజీలో ఏముందో, అమీర్‌పేట అద్దెగదుల్లో ఉండి అమెరికా పైచదువుల ప్రవేశ పరీక్ష జీఆర్‌ఈకి చదివిన వాళ్లనెవరినడిగినా చూడకుండా చెబుతారు. అబేస్, అబ్యాష్, అబేట్, అబ్డికేట్, అబెరెంట్. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నీ పాత ప్రతులు దొరుకుతాయి. తెరిచి చూస్తే ‘ఏ’ అక్షరం పేజీలు నలిగి, పెన్సిల్ గీతలతో నిండి, అంచులు మాసి ఉంటాయి. ‘సి’ దాటాక గీతలు పలచబడతాయి. ‘ఎస్’ దగ్గరికి వచ్చేసరికి పేజీలు ఎవరి చెయ్యీ పడనట్టే ఉంటాయి. మూడున్నర వేల మాటలు, మాటకో ముక్క అర్థం, రోజుకు యాభై చొప్పున డెబ్బై రోజులు. ఈ లెక్క వేసుకుని మొదలుపెట్టిన పిల్లల్లో చాలామంది కొన్ని వారాలకే ఆగిపోతారు. ఆగిపోయి, తప్పు తమదే అనుకుంటారు. తమకు జ్ఞాపకశక్తి లేదనీ, తెలుగు మీడియంలో చదివినవాళ్లకు పెద్ద ఇంగ్లీషు ఇక రాదనీ తీర్మానించుకుంటారు. ఈ లేఖ రాయడానికి ఆ తీర్మానమే కారణం.

నీకు వేషాలు చాలా. కొన్ని పుస్తకాల వెనక అనుబంధంగా ఉంటావు. స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్‌గా ఉంటావు. ఫోన్‌లో పీడీఎఫ్‌గా, ఫ్లాష్‌కార్డులుగా, ‘నేటి సంపాదకీయం నుంచి ఇరవై మాటలు’ అంటూ పొద్దున్నే వచ్చే మెసేజ్‌గా ఉంటావు. వేషం ఏదైనా లోపలి కట్టు ఒకటే: ఎడమవైపు మాట, కుడివైపు అర్థం, మధ్యలో ఒక గీత. నా ఫిర్యాదు ఆ గీత మీద.

ఆ గీత, రెండువైపులా ఉన్నవి ఒకటేనని చెబుతుంది. నీ మొదటి పేజీలోని అబేట్‌నే తీసుకుందాం. దాని పక్కన పిల్లలు తెలుగులో ‘తగ్గు’ అని రాసుకుంటారు. తెలుగులో జ్వరం తగ్గుతుంది, గాలివాన తగ్గుతుంది, బంగారం ధర తగ్గుతుంది, మనిషి పది కిలోలు తగ్గుతాడు. ఇంగ్లీషులో అబేట్ అన్న మాట తుపానుకు, వరదకు, నొప్పికి, కోపానికి నప్పుతుంది. చెలరేగింది ఏదో నెమ్మదించాలి. పొద్దున్నే నడిచి ఒళ్లు తగ్గించుకున్న మనిషికి ఆ మాట వాడరు. ఈ సంగతి నీ గీతలో ఎక్కడా లేదు. పిల్లవాడు మాత్రం ఆ మాట తనకు వచ్చేసిందని టిక్కు పెట్టుకుని కింది మాటకు వెళ్లిపోతాడు.

మన భాషలోనే చూడు. పోయారు, చనిపోయారు, కాలం చేశారు, కన్నుమూశారు, పరమపదించారు, దివంగతులయ్యారు, చచ్చాడు. నీ పద్ధతిలో ఇవన్నీ ఒక్క అర్థం కిందే పడతాయి. పక్కింటి పెద్దాయన పోయిన రోజు ఆ వాకిట్లో నిలబడి వీటిలో తప్పు మాట ఎత్తినవాణ్ణి ఆ ఇంటివాళ్లు ఏళ్ల తరబడి మరిచిపోరు. ఏ మాట ఎవరి విషయంలో, ఏ చోట అనాలో మనకెవరూ పట్టీ రాసివ్వలేదు. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాం, పేపర్లో చదివాం, కథల్లో చూశాం. ఎండ కాస్తుందనీ, వాన కురుస్తుందనీ, గాలి వీస్తుందనీ, పిడుగు పడుతుందనీ అలాగే వచ్చింది. ఇంగ్లీషులోనూ వాన హెవీగానే పడాలి, గాలి స్ట్రాంగ్‌గానే వీయాలి. ఒక మాటను తెలుసుకోవాలంటే అది ఏ మాటలతో కలిసి తిరుగుతుందో చూడాలని బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ 1957లోనే రాశారు. నీ దగ్గర ప్రతి మాటా ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఓటరు జాబితా కంఠతా పట్టి ఆ ఊరు తెలుసనుకోవడం ఎలాంటిదో, నిన్ను అప్పజెప్పి ఇంగ్లీషు తెలుసనుకోవడం అలాంటిది.

ఇక జ్ఞాపకశక్తి సంగతి. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు మరుపు సంగతి తేల్చడానికి తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లో పుస్తకం వేశాడు. అర్థమున్న మాటలైతే పాత జ్ఞాపకాలు కలగజేసుకుని సాయం చేస్తాయని, ఏ అర్థమూ లేని అక్షరాల ముక్కల్ని కావాలని తయారుచేసుకుని వల్లెవేశాడు. ఆయన లెక్కలో గంట తిరిగేసరికే సగానికి పైగా జారిపోయింది. నెల గడిచేసరికి మిగిలింది ఐదో వంతు. ఆయన ప్రయోగం కోసం అర్థాన్ని తీసేశాడు. నువ్వు నిండు అర్థమున్న మాటల్ని తెచ్చి, చుట్టూ ఉన్న వాక్యాన్ని ఒలిచేసి, వాటిని ఆ ముక్కల స్థితికి దించుతున్నావు. ఆ పైన అకారాది క్రమం ఒకటి. అబేస్, అబ్యాష్, అబేట్ అంటూ ఒకేలా వినిపించే మాటల్ని వరసగా పేరిస్తే ఏది ఏదో ఏ బుర్రకు గుర్తుంటుంది? వెతుక్కోవడానికి పెట్టిన క్రమాన్ని నేర్చుకునే క్రమంగా పిల్లల నెత్తిన రుద్దావు. ‘ఎస్’ దాకా చేరలేనిది అందుకే. లోపం వాళ్ల జ్ఞాపకశక్తిలో లేదు.

మరుపును ఎదుర్కొనే దారులు లేకపోలేదు. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో ఒక పెట్టెల పద్ధతి చెప్పాడు. మాటలు రాసుకున్న కార్డుల్లో, జవాబు గుర్తొచ్చిన కార్డును కొన్ని రోజులు ఆగి చూడాలి, రాని కార్డును వెంటనే మళ్లీ చూడాలి. ఫోన్లలోని ఫ్లాష్‌కార్డు యాప్‌లు చాలావరకు ఈ దారిలోనే నడుస్తాయి. మంచి దారే, నేనూ పిల్లలకు చెబుతాను. కార్డు మీద ఒక పూర్తి వాక్యం ఉండి, అది తాము చదివిన పుస్తకంలోంచి తమ చేత్తో ఎత్తి రాసుకున్నదై ఉంటే ఆ పద్ధతి బాగా పనిచేస్తుంది. నిన్నే ముక్కలు కోసి కార్డుల మీద అంటిస్తే మళ్లీ ఎబింగ్‌హాస్ గదిలోకే వెళ్లినట్టు.

పరీక్షకు నువ్వు తప్పదంటారు. ఒకప్పుడు నిజమే. 2011 ఆగస్టుకు ముందు జీఆర్‌ఈలో వ్యతిరేకార్థాలు, ఎనాలజీలు అడిగేవారు. వాక్యం లేకుండా ఒంటరి మాట ఇచ్చి దానికి విరుద్ధమైంది చెప్పమనేవారు. ఆ పరీక్షకు నువ్వు తగినదానివే. ఆ ఆగస్టులో ఆ రెండు రకాల ప్రశ్నల్నీ తీసేశారు. ఇప్పుడున్నవి ఖాళీలు పూరించడం, ఒక వాక్యంలో ఇమిడే రెండు మాటల్ని ఎంచడం, పాఠ్యభాగం చదివి జవాబివ్వడం. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష మొత్తం రెండు గంటల లోపే అయిపోతోంది. వెర్బల్‌కు 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. అందులో దాదాపు సగం చదివి అర్థం చేసుకోవడానికే. రెండు మాటల్ని ఎంచే ప్రశ్నలో ఆరు మాటలు ఇస్తారు. వాటిలో ఒకే అర్థమున్న జంట కనబడగానే నీ దగ్గర తయారైన పిల్లవాడు దాన్ని పట్టేసుకుంటాడు. ఆ జంట వాక్యంలో ఇమడకపోవచ్చని, అర్థం కలిసినంత మాత్రాన ఎంచవద్దని పరీక్ష పెట్టేవాళ్లే ముందుగా హెచ్చరిస్తున్నారు. రెండూ సరైతేనే మార్కు, ఒకటి సరైతే సున్నా. అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష శాట్ కూడా ఎనాలజీల్ని 2005లో, ఒంటరి వాక్యాల్లో ఖాళీలు పూరించే ప్రశ్నల్ని 2016లో వదిలేసింది. 2020 తర్వాతైతే అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఎన్నో విభాగాలు జీఆర్‌ఈ స్కోరు అడగడమే మానేశాయి. నువ్వు ఏ పరీక్ష కోసం పుట్టావో ఆ పరీక్ష పోయింది. అయినా మా పిల్లల బల్లల మీద నుంచి కదలవు.

నీ వల్ల జరిగే పెద్ద నష్టం పరీక్ష అయ్యాక బయటపడుతుంది. పైచదువులకు దరఖాస్తు పెట్టేటప్పుడు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అని ఒక వ్యాసం రాయాలి. పిల్లలు ఎస్‌ఓపీ అంటారు. దిద్దిపెట్టమని నా దగ్గరికి తెస్తుంటారు. ఒక అబ్బాయి తెచ్చిన ఎస్‌ఓపీలో వాళ్ల నాన్న గురించి ఒక వాక్యం ఉంది. ఆయన ఒక ఇంపెక్యూనియస్ అగ్రేరియన్ అనీ, ఆర్డ్యుయస్ అడ్వర్సిటీల ప్లెథోరాను ఎదుర్కొన్నాడనీ. అన్నీ నీ మాటలే. రెండుసార్లు చదివినా నాకు ఆ తండ్రి కనిపించలేదు. “మీ నాన్నగారేం చేస్తారు నాన్నా? తెలుగులో చెప్పు” అన్నాను.

చెప్పాడు. వాళ్లది గుంటూరు వైపు పల్లె. నాన్న నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు, మిర్చి వేస్తాడు. 2021లో నల్ల తామర పురుగు పడింది. పూలల్లో దూరి రసం పీల్చేస్తే పూత నిలవలేదు, కాయ పడలేదు. మందులు కొట్టీ కొట్టీ చివరికి చేను దున్నేశారు. కౌలు డబ్బు మాత్రం ఇవ్వాల్సిందే కదా, ఉన్న పాత ట్రాక్టరు అమ్మి కట్టాడు. అప్పుడు ఇతను బీటెక్ రెండో సంవత్సరం. సెలవులకు ఇంటికెళ్లి చేలో పూలు కోసి తెల్ల కాగితం మీద దులిపి పురుగుల్ని లెక్కపెట్టాడట. ఫోన్‌తో తీసిన పూల ఫొటో చూసి పురుగు ఉందో లేదో చెప్పే ప్రోగ్రాం రాయాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. పైచదువులకు వెళుతున్నది అందుకోసమే.

ఇంతా చెప్పడానికి అతనికి ఐదు నిమిషాలు పట్టలేదు. ఇందులో ఒక్క ముక్కా ఎస్‌ఓపీలో లేదు. ఎందుకు రాయలేదని అడిగితే, “అవన్నీ మామూలు మాటలైపోతాయి కద సార్” అన్నాడు.

వర్డ్ లిస్టూ, ఆ జవాబుకు బాధ్యత నీది. కౌలు, మిర్చి, పురుగు, ట్రాక్టరు, అమ్మకం. వీటన్నిటికీ ఇంగ్లీషు మాటలు అతనికి బడి రోజుల నుంచే తెలుసు. వాటిని రాయడానికి సిగ్గుపడాలని నేర్పింది నువ్వు. ఇంపెక్యూనియస్ అనే మాటకు ఇంగ్లీషులో ఒక తేలికదనం ఉంది. జేబులో డబ్బు ఆడని చిత్రకారుల గురించో, పాత నవలల్లో ఆస్తులు కరిగిపోయిన దొరల గురించో వాడే మాట అది. చేను దున్నేసి ట్రాక్టరు అమ్ముకున్న కౌలు రైతుకు ఆ మాట తగిలించడం ఆయన్ను చిన్నబుచ్చడమే. ‘పేద’ అని ఒక్క ముక్క రాసి గీత గీసిన నీకు అది తెలియకపోవచ్చు. కొడుక్కి తెలియకుండా పోయింది, అదీ నాకు బాధ.

చదివేవాళ్లయినా పెద్ద మాటల్ని మెచ్చుకుంటారా అంటే, లేదు. అప్పట్లో ప్రిన్స్‌టన్‌లో ఉన్న మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ ఓపెన్‌హైమర్ 2006లో ప్రచురించిన పరిశోధనలో సరిగ్గా ఇలాంటి ప్రవేశ వ్యాసాలనే తీసుకున్నాడు. వాటిలోని మామూలు మాటల్ని పొడవాటి పర్యాయపదాలతో మార్చి పాఠకుల చేత చదివించాడు. మాటలు ఎంత బరువెక్కితే, రాసిన మనిషి తెలివి మీద పాఠకులకు అంత చులకన కలిగింది. సీటు ఇవ్వాలన్న మొగ్గూ తగ్గింది. నిన్ను నమ్ముకున్నవాళ్లు రాత్రుళ్లు మేలుకుని సంపాదించుకుంటున్నది ఈ ఫలితం.

ఈ జబ్బు మనకు కొత్త కాదు. 1892లో తొలిసారి ఆడించి, 1909లో పెంచి తిరగరాసిన కన్యాశుల్కంలో గురజాడ దీన్ని పట్టుకున్నారు. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని తల్లి ముచ్చటపడుతుంది. కొడుకు వెంకటేశం, అతనికి చదువు చెప్పే గిరీశం ఒకరి మాటకు ఒకరి మాట పొంతన లేకుండా నోటికొచ్చిన ఇంగ్లీషు ముక్కలు అప్పజెబుతారు. ఆ తల్లి మురిసిపోతుంది. జనం నూరేళ్లకు పైగా ఆ రంగానికి నవ్వుతున్నారు. ఆ తల్లి మురిపెం మాత్రం నాకు ప్రతి ఏడూ అడ్మిషన్ల రోజుల్లో కళ్ల ముందు కనబడుతుంది, అప్పుడు నవ్వు రాదు. ఆ గురజాడే నాటకం తొలి ముద్రణకు ముందుమాట ఇంగ్లీషులో రాశారు. డైరీలు, ఉత్తరాలు ఇంగ్లీషులో రాసుకున్నారు. చదివి చదివి, రాసి రాసి తెచ్చుకున్న ఇంగ్లీషు ఆయనది. విజయనగరంలో ఉండి సంపాదించారు.

‘మన పెద్దలు అమరకోశం వల్లెవేయలేదా? అదీ పట్టీయే కదా?’ అని నీ తరఫున వాదించేవాళ్లున్నారు. ఈ వాదానికి గౌరవంగా జవాబు చెప్పాలి. అమరకోశం సంస్కృత పద్యనిఘంటువు, అసలు పేరు నామలింగానుశాసనం. మూడు కాండలు, వాటిలో వర్గాలు. ఆకాశానికి సంబంధించినవి ఒకచోట, కాలానివి ఒకచోట, చెట్లూ మందుమొక్కలూ ఒకచోట, జంతువులు ఒకచోట. మాట పక్కన దాని లింగం తెలుస్తుంది, చుట్టాలు తెలుస్తాయి, పైగా అంతా ఛందస్సులో ఉంటుంది కనుక నోటికి పడుతుంది. మన తెలుగువాళ్లూ ఆ బాటలోనే పద్యనిఘంటువులు రాశారు. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, అడిదం సూరకవి ఆంధ్రనామశేషం అలాంటివే. అన్నిటికీ మించి, అమరం వల్లించిన పిల్లవాడు అక్కడ ఆగేవాడు కాదు. గురువు పక్కన కూర్చుని రఘువంశమో కుమారసంభవమో శ్లోకం తర్వాత శ్లోకం అన్వయించుకుంటూ చదివేవాడు. కోశంలో విన్న మాట కావ్యంలో ఎదురయ్యేది. నీ వెనక కావ్యం లేదు, గురువు లేడు, వర్గం కూడా లేదు. అమరకోశం పేరు చెప్పుకునే అర్హత నీకు లేదు.

అసలు మా పిల్లలకు ఏ మాటలు కావాలి? దీని మీద జీవితాలు ధారపోసినవాళ్లున్నారు. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషువాడు ఢాకాలో ఉపాధ్యాయుల్ని తయారుచేసేవాడు. బెంగాలీ పిల్లల్ని దగ్గరగా చూసి, వాళ్లకు ముందు కావలసింది ఇంగ్లీషు చదవగలగడమని తేల్చి 1926లోనే పుస్తకం రాశాడు. తర్వాత 1953లో, ఎక్కువగా వాడుకలో ఉన్న సుమారు రెండువేల మాటల్ని ఏర్చి ప్రచురించాడు. ఒక్కో మాటకు ఎన్ని అర్థాలున్నాయో, ఏ అర్థం ఎంత తరచుగా వస్తుందో కూడా ఇచ్చాడు. 2000లో న్యూజిలాండ్‌కు చెందిన ఎవెరిల్ కాక్స్‌హెడ్, విశ్వవిద్యాలయ స్థాయి రచనలు ముప్ఫై ఐదు లక్షల పదాల మేర పోగుచేసి, అన్ని శాస్త్రాల్లోనూ పదేపదే వచ్చే 570 పదకుటుంబాల్ని గుర్తించారు. చదువుకు సంబంధించిన ఇంగ్లీషు పుస్తకం ఏది తీసినా, ప్రతి పది మాటల్లో ఒకటి దాదాపుగా వాటిలోదే. అజ్యూమ్, డెరైవ్, కాన్‌స్టిట్యూట్, ఇండికేట్, ఇంటర్‌ప్రెట్, సిగ్నిఫికెంట్. ఇలాంటి మాటలు. చూడ్డానికి ఆడంబరం ఉండదు. శాస్త్రం నడిచేది వీటి మీద. నా తరగతిలో పుసిల్లానిమస్‌కు అర్థం ఠక్కున చెప్పే పిల్లలు, ఒక పేరాలో రచయిత దేన్ని అజ్యూమ్ చేస్తున్నాడో, దేన్ని డెరైవ్ చేస్తున్నాడో అడిగితే తడబడుతున్నారు. వెస్ట్ చేసినవీ కాక్స్‌హెడ్ చేసినవీ పట్టీలే అంటావేమో. అవి జనం రాసిన వాక్యాల్లోంచి లెక్కగట్టి తీసినవి, మళ్లీ వాక్యాల్లోకే పంపడానికి తీసినవి. పిల్లవాణ్ణి బెదరగొట్టడానికి ఏరిన అరుదైన మాటలు కావు.

నిఘంటువులు పుట్టిందీ వాక్యాల నుంచే. 1755లో వచ్చిన తన నిఘంటువు కోసం శామ్యూల్ జాన్సన్ ముందు పుస్తకాలు చదివాడు, వాక్యాల కింద గీతలు గీశాడు, ఆ పైన అర్థాలు రాశాడు. 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువులో 18 లక్షలకు పైగా ఉదాహరణ వాక్యాలున్నాయి. ఊరూ పేరూ తెలియని వేలమంది పాఠకులు చీటీల మీద ఎత్తి రాసి పంపినవాటిలోంచి ఏరినవవి. మన బ్రౌన్ దొర 1852లో తెలుగు నిఘంటువు తెచ్చినప్పుడు కావ్యాల్లోంచి, జనం నోటి నుంచి ప్రయోగాలు చేర్చాడు. విదేశీ విద్యార్థులకు పనికొచ్చే నిఘంటువును ఎ.ఎస్. హార్న్‌బీ టోక్యోలో పాఠాలు చెబుతూ తయారుచేశాడు. 1942లో వచ్చిన ఆ పుస్తకంలో ఏ క్రియ ఏ కట్టులో వాక్యంలో కూర్చుంటుందో చూపించాడు. 1987లో బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన కోబిల్డ్ నిఘంటువు అయితే అర్థాన్నే పూర్తి వాక్యంగా రాసింది. ఇంతమంది వందేళ్లూ రెండొందలేళ్లూ కూడబెట్టిన వాక్యాల్ని నువ్వు ఒక్క వేటుతో కొట్టేసి, మాటనూ ముక్క అర్థాన్నీ మిగిల్చావు. పిల్లల ఫోన్లలో ఆ నిఘంటువులు ఉచితంగా దొరుకుతున్న కాలంలో ఈ పని చేస్తున్నావు.

పెద్ద మాటలు వద్దని నేననడం లేదు. మా పిల్లలకు పెద్ద ఇంగ్లీషు కావాలి. కోర్టు తీర్పు చదివి అర్థం చేసుకోవాలి, శాస్త్ర పత్రికలో వ్యాసం రాయాలి, ఎవరి ముందూ తల దించుకోకుండా వాదించాలి. ఇంగ్లీషు పుస్తకాలు సాయం లేకుండా చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు తెలియాలని భాషాబోధన పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్కగట్టారు. నీ మూడున్నర వేలకు అది రెట్టింపు పైచిలుకు. నీ దారిలో అంత దూరం ఎవరూ నడవలేరు. చదువుతూ పోతేనే అందుతుంది.

మా తరగతిలో క్రికెట్ పిచ్చివాళ్లకు నేను 2001 ఈడెన్ గార్డెన్స్ టెస్టు గురించి ఇంగ్లీషులో ఏది దొరికితే అది చదవమంటాను. మన హైదరాబాదు లక్ష్మణ్ 281 కొట్టిన మ్యాచ్. 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్ ఆడటం, ద్రావిడ్‌తో 376 పరుగుల భాగస్వామ్యం, 171 పరుగులతో గెలుపు, ఆస్ట్రేలియా వరస పదహారు విజయాలకు అడ్డుకట్ట. కథ పిల్లలకు ముందే తెలుసు. కనుక డెఫిసిట్ అన్న మాట రాగానే 274 గుర్తొస్తుంది. స్ట్రీక్ అనగానే ఆ పదహారు విజయాలు గుర్తొస్తాయి. రెసిలియన్స్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు, రోజంతా వికెట్ పడకుండా ఆ ఇద్దరూ ఆడిందే అది. నాలుగు వ్యాసాలు చదివితే అవే మాటలు నాలుగు వేర్వేరు వాక్యాల్లో ఎదురవుతాయి. ఐదో వ్యాసానికి నిఘంటువు ముట్టుకునే పని తగ్గుతుంది. ఒకే విషయం మీద లోతుగా చదవడంలో ఉన్న బలం ఇది. క్రికెట్ నచ్చని అమ్మాయికి సినిమా, అదీ నచ్చకపోతే అంతరిక్షం, కోళ్ల పెంపకం, షేర్ మార్కెట్. వారం తర్వాత అదే డెఫిసిట్‌ను కేంద్ర బడ్జెట్ వార్తలో చూసిన పిల్లవాడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, “సార్, ఇక్కడా ఉంది” అంటాడు. ఆ మాట ఇక అతనిదే.

ఇంకో సంగతి నువ్వు మా పిల్లలకు చెప్పకుండా దాచావు. పెద్ద ఇంగ్లీషు మాటలు కట్టే పద్ధతి తెలుగు పిల్లవాడికి పుట్టుకతోనే పరిచయం. ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం. ధాతువు ఒకటే, ముందు ఉపసర్గ మారితే అర్థం ఎటో వెళ్లిపోతుంది. ఇది ఆరో తరగతి పిల్లకైనా పట్టుబడే ఆట. ఇంగ్లీషు లాటిన్ నుంచి తెచ్చుకున్న మాటలూ ఇలాగే నడుస్తాయి. చూపు అనే అర్థమున్న స్పెక్ట్ ముందు ఒక్కో ముక్క చేరి ఇన్‌స్పెక్ట్, సస్పెక్ట్, ప్రాస్పెక్ట్, రెట్రోస్పెక్ట్ అవుతాయి. ఫుట్‌పాత్ పుస్తకాల్లో నేను మనసారా కొనమని చెప్పేది నార్మన్ లూయిస్ 1949లో రాసిన వర్డ్ పవర్ మేడ్ ఈజీ. ఆయన మాటల్ని అకారాదిగా పేర్చలేదు, ఒక మూలం చుట్టూ కుటుంబాలుగా కూర్చోబెట్టి పాఠకుడితో మాట్లాడుతూ చెప్పుకుపోయాడు. మూలాలు కూడా ఒక్కోసారి మోసం చేస్తాయి. ఎనర్వేట్ చూస్తే బలం పోస్తుందనిపిస్తుంది, అసలర్థం బలం తీసేయడం. అలాంటిచోట మళ్లీ వాక్యమే దిక్కు. సంస్కృతం, తెలుగు మాటల కట్టు తెలిసిన పిల్లలకు ఇంగ్లీషు మాటల కట్టు చూపించకుండా, మీ తెలుగు చదువు వల్లే మీకు ఇంగ్లీషు రాలేదని వాళ్లను నమ్మించావు. ఇది నేను క్షమించలేను.

నీకు పని లేకుండా పోలేదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల్లో పర్యాయపదాలు, వ్యతిరేకార్థాలు, వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్లు ఇంకా అడుగుతున్నారు. ఆ ఉద్యోగం మీద ఇల్లు ఆధారపడిన పిల్లలకు నిన్ను పారేయమని చెప్పే హక్కు నాకు లేదు. పరీక్షకు ముందు ఆఖరి వారాల్లో, ఇదివరకే చదివి ఉన్న మాటల్ని సరిచూసుకోవడానికి నువ్వు పనికొస్తావు. అక్కడ ఉండు. మొదటి రోజున, మొదటి పుస్తకంగా మా పిల్లల చేతుల్లోకి రాకు. నిన్ను అచ్చువేసేవాళ్లకు నా కోరిక: గీత తీసేసి, మాటకు రెండు వాక్యాలైనా ఇవ్వండి. ఒకటి మాట నప్పే చోటు చూపాలి, ఇంకోటి నప్పని చోటు చూపాలి. అకారాది క్రమం వెనక సూచికకు పంపి, ముందు మాటల్ని విషయాల వారీగా పెట్టండి. పుస్తకం లావవుతుంది, మాటలు మూడున్నర వేల నుంచి ఏ ఎనిమిది వందలకో దిగుతాయి. దిగనివ్వండి.

మిర్చి రైతు కొడుకు ఎస్‌ఓపీ మళ్లీ రాశాడు. తామర పురుగుకు ఇంగ్లీషులో త్రిప్స్ అనాలని, అది ఏకవచనంలోనూ అలాగే ఉంటుందని పరిశోధన వ్యాసాలు చదివి తనే తెలుసుకున్నాడు. ఇన్‌ఫెస్టేషన్, సస్సెప్టిబుల్, థ్రెషోల్డ్ అన్న మాటలు ఆ వ్యాసాల్లోంచే తెచ్చుకున్నాడు. ఎక్కడ వాడాలో అక్కడే వాడాడు. మూడూ చిన్న మాటలేం కావు.

వచ్చే సోమవారం నుంచి సాయంత్రం ఐదింటికి మా కాలేజీ లైబ్రరీలో ఆర్.కె. నారాయణ్ స్వామి అండ్ ఫ్రెండ్స్ బయటికి చదవడం మొదలుపెడుతున్నాం. 1935 నాటి పుస్తకం, పిల్లల కథ, అయినా నా విద్యార్థులకు అందులో ప్రతి పేజీలో ఒకటో రెండో కొత్త మాటలు దొరుకుతాయి. నోటుపుస్తకం తెచ్చుకోమన్నాను, మాట కాకుండా మొత్తం వాక్యం ఎత్తి రాసుకోమన్నాను. నిన్ను మాత్రం హాస్టల్ గదుల్లోనే వదిలి రావాలని గట్టిగా చెప్పాను.

ఇట్లు,
ఒక ఇంగ్లీషు మాస్టారు